ఊరి నుదుట అత్తగారి మట్టలు

మాబెల్ హడ్నల్ పోస్టాఫీసులో స్టాంపులు కొనుక్కుంటూ అందట: "మా ఆయన నుదురు సబ్బు పెట్టి తోమీ తోమీ నా చేతులు పడిపోయాయమ్మా, బూడిద పోతేనా! లాటిమర్ల బూడిద కదా మరి. ఇన్నేళ్ళుగా చర్చిలో ముందు బెంచీ వదల్లేదు, ఇప్పుడు మన నుదురు మాత్రం ఎందుకు వదుల్తారు?"

ఆ మాట పోస్టాఫీసు దాటి మందుల కొట్టుకి, మందుల కొట్టు దాటి ఆల్చిప్పల పడవలు ఆగే రేవుకి వెళ్ళి, తిరిగి వెర్నా చెవిన పడేసరికి దానికో తోక మొలిచింది. తోకని మోసుకొచ్చింది రేవులో ఐసు అమ్మే ఆవిడ.

"ఆ బాప్టిస్టు కోడలే కుళ్ళుతో తగలబెట్టిందంటున్నారు వెర్నా. నేననలేదు సుమా. అంటున్నారు."

"ఏ బాప్టిస్టు కోడలు?" అంది వెర్నా.

"అయ్యో, నువ్వే కదా!" అంది ఆవిడ జాలిగా, రెండు ఐసు ముక్కలు కొసరు వేస్తూ.

కిందటి వారం మనం ఆగింది వెర్నా ఆడపడుచు లుసిండా వేసిన కేక దగ్గర. ఆ కేక ఎందుకు పుట్టిందో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. మార్లో లాండింగ్ అనే ఆ నది ఒడ్డు ఊళ్ళో ట్రినిటీ ఎపిస్కోపల్ చర్చి ఎంత పాతదో, ఆ చర్చి గురించి లాటిమర్ల ఆడవాళ్ళు అతికించుకుంటూ వచ్చిన పుస్తకాలూ ఇంచుమించు అంత పాతవి. దిండ్లంత లావు పుస్తకాలు. బాప్తిస్మాల రిబ్బన్లు, పెళ్ళిళ్ళ ఫొటోలు, బిషప్పులు వచ్చినప్పటి పేపరు ముక్కలు, ఈస్టరు లిల్లీ పూరేకులు, అన్నిటినీ పిండి జిగురుతో అతికించి దాచారు. అన్నిటికన్నా ముఖ్యం మట్టల ఆదివారం. ఆ రోజు చర్చిలో పంచే ఖర్జూరపు మట్టని సిలువలా మడిచి, ఇంట్లో ఒక్కొక్కరిదీ పేరుతో సహా పుస్తకంలో అతికించాలి. పేరు కింద మట్ట ఉంటే ఆ ఏడు నువ్వు లాటిమర్ల బెంచీలో కూర్చున్నట్టు. లేకపోతే నువ్వెవరో మాకు తెలియదు.

ఈ ఆదివారం బిషప్పు గారు వస్తున్నారు. చర్చి హాల్లో ఆ పుస్తకాలన్నీ పరిచి పెట్టాలని నిర్ణయం. దాని కోసం నిన్న లుసిండా బీరువా తెరిచి చూస్తే, మట్టలు ఉండాల్సిన ప్రతి చోటా గోధుమరంగు జిగురు మరకలు. ఒక్క మట్ట లేదు. మూడు తరాల మట్టలు ఎగిరిపోయాయి.

ఎక్కడికి పోయాయో తెలియడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కొత్తగా వచ్చిన పాస్టరు టిడ్వెల్ గారు ఈ ఏడే మొదటిసారి ఆ చర్చిలో బూడిద బుధవారం నాడు నుదుట బూడిద పెట్టే పద్ధతి తెచ్చారు. "ఇళ్ళల్లో పాత మట్టలుంటే తెచ్చి ఈ బుట్టలో వేయండి, కాల్చి బూడిద చేద్దాం" అన్నారు. బుట్ట నిండింది. మట్టలు కాలాయి. ఊరంతా నుదుట పెట్టుకుంది. తిరిగింది. కడుక్కుంది, పోయినవాళ్ళకి పోయింది.

బుట్ట చూసుకున్నదీ, కాల్చిందీ వెర్నా. ఆ మాట వెర్నాకీ తెలుసు, పాస్టరు గారికీ తెలుసు.

వెర్నాకి ఇంకో సంగతి కూడా తెలుసు. అదే ఆమె గొంతులో చేపముల్లులా ఉంది. చర్చి వెనకాల పంది కొవ్వు డబ్బాలో ఆ మట్టలు కాలుతుంటే వాటి వీపున జిగురూ కాగితం పెచ్చులూ కనపడ్డాయి. ఎవరో ముసలివాళ్ళు అద్దం వెనక అతికించుకున్నవై ఉంటాయనుకుంది. వాటిలో కొన్ని అసలు మట్టలే కావు. మొక్కజొన్న పొత్తు మీది పొరలు. వెర్నా పుట్టింది నది అవతల రైతు ఇంట్లో. ఆ పొరలతో బొమ్మలు చేసి ఆడుకున్న చేతులు పొరబడవు. అప్పుడు పట్టించుకోలేదు. నిన్న లుసిండా కేక విన్నాకే లెక్క కుదిరింది. ఆ బీరువాకి తాళం చెవులు రెండే. ఒకటి దుమ్ము దులపడానికని వెర్నా దగ్గర ఉంటుంది. వెర్నా మట్టలు పీకలేదు. ఇక రెండో తాళం చెవి అత్తగారి చేతిసంచీలో ఉంటుంది.

చెపితే అత్తగారి పరువు పోతుంది. చెప్పకపోతే తన పరువు పోతుంది. పరువుతో పాటు పుస్తకాలూ పోతాయి. ఎందుకంటే ఎనభై ఏళ్ళ యుడోరా లాటిమర్ ఈ ఆదివారంతో కత్తెరా జిగురూ కిందపెట్టి, పుస్తకాలు కూతురు లుసిండాకో కోడలు వెర్నాకో అప్పగిస్తానని ఊరందరి ముందూ అంది. వెర్నాకి లాటిమర్ల వైభవం మీద మోజు లేదు. ఆమె మొగుడు రాండల్ఫ్ పోయి రెండేళ్ళయింది. అతని గాలాలూ బూట్లూ ఇంట్లో ఉన్నాయి గానీ, అతని చిన్నతనం మాత్రం ఆ పుస్తకాల్లోనే ఉంది. ఆరేళ్ళ వయసులో ప్రసంగం వింటూ అప్పటి పాస్టరు గారిని టోపీ పెట్టుకున్న బాతులా గీసిన కాగితం అందులో ఉంది. అది చూసినప్పుడల్లా వెర్నాకి ఓ పూట నవ్వొస్తుంది, ఓ పూట ఇంకేదో వస్తుంది. లుసిండా చేతికి వెళితే ఆ బాతు మళ్ళీ కనపడదు.

శుక్రవారం మధ్యాహ్నం అత్తగారి ముందుగదిలో పంచాయితీ కూర్చుంది. బల్ల మీద పుస్తకాలు, పక్కన హామ్ అనే పందిమాంసం పెట్టిన బిస్కట్లు, షెర్రీ వైను సీసా. ఉపవాస కాలం కదా అని పాస్టరు గారు పంచదార మానేశారు. లుసిండా చాక్లెట్ మానేసింది, అది ఆవిడ ఎప్పుడూ తినదు. యుడోరా ఏదీ మానలేదు. "నా వయసులో మానడానికి మిగిలింది ఊపిరి ఒక్కటే" అంటుంది.

లుసిండాకి యాభై అయిదేళ్ళు. బలిపీఠం సర్దే ఆడవాళ్ళకి నాయకురాలు. కొవ్వొత్తుల మధ్య దూరం స్కేలు పెట్టి కొలిచే మనిషి. కన్ఫర్మేషన్‌కి, అంటే బిషప్పు తల మీద చెయ్యి పెట్టి చర్చిలో పూర్తిగా చేర్చుకునే రోజుకి, పిల్లల్ని తయారుచేసే క్లాసు ఇరవై ఏళ్ళుగా ఆవిడదే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. వెర్నా మొగుడు పోయాక ఆ మిగతా సగం కూడా లుసిండాయే తీసేసుకుంది.

"తాళం నీ దగ్గరుంది. బుట్ట నీ దగ్గరుంది. అగ్గిపుల్ల నీ చేతిలో ఉంది. ఇంకా ఏం కావాలే నీకు, పోలీసులా?" అంది లుసిండా.

"అగ్గిపెట్టె పాస్టరు గారిది" అంది వెర్నా.

"అవును, నాదే" అన్నారు పాస్టరు గారు కుర్చీ అంచున కూర్చుని, తేలు కుట్టిన దొంగలా. "అంటే, ఊరికే జేబులో ఉంటే ఇచ్చాను. వాటికి జిగురు ఉండటం నేనూ చూశాను గానీ, ఈ ఊళ్ళో అలా చేస్తారేమో అనుకున్నాను."

"మీరు కొత్తవాళ్ళు. మీ తప్పేం లేదు. ఈమె వచ్చి ముప్పై ఏళ్ళవుతోంది. అయినా ఏం లాభం లెండి, ఆ బాప్టిస్టులకి మట్టంటే చీపురు పుల్ల. బాప్తిస్మమని మనిషిని నదిలో ముంచి తియ్యడం తప్ప ఇంకేం తెలుసు?"

"ముంచడమే కాదు వదినా, ఎంతసేపు పట్టి ఉంచాలో కూడా తెలుసు" అంది వెర్నా.

పాస్టరు గారు బిస్కట్టు నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయారు. యుడోరా కిటికీలోంచి బయటికి చూస్తోంది. నది మీద ఎవరో పడవ తోసుకుంటూ పోతున్నారు. ఆవిడకి అది ఎంత ఆసక్తిగా ఉందో!

"చూశారా, చూశారా నోరు!" లుసిండా పుస్తకం మీద అరచేత్తో కొట్టింది. "పాస్టరు గారూ, ఈ పుస్తకాలు పట్టుకోవాలంటే ఒక సంస్కారం ఉండాలండీ. చిన్నప్పుడే తల మీద బిషప్పు గారి చెయ్యి పడి ఉండాలి. నా తల మీద పడ్డప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అంత చిన్నప్పుడు ఇంకెవరికీ జరగలేదు. ప్రతి ఏడూ క్లాసులో పిల్లలకి చెప్తాను: ఆ చెయ్యి బరువుగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, కాళ్ళల్లోకి దిగుతుంది ఆ బరువు. అదే పరిశుద్ధాత్మ అని. ఈమెకి పడింది పెళ్ళయ్యాక, ఏదో కాగితాల కోసం."

యుడోరా గ్లాసు పళ్ళెంలో పెట్టింది. కొంచెం గట్టిగానే పెట్టింది.

"ఒక్క మాట చెప్పు వెర్నా. కాల్చింది నువ్వా కాదా?" అంది లుసిండా.

"నేనే కాల్చాను."

"తెలిసి కాల్చావా?"

ఇదే అడకత్తెర. వెర్నా అత్తగారి వంక చూసింది. పీచులాంటి తెల్ల జుట్టు, మెడ దగ్గర వంకరగా పెట్టుకున్న పిన్ను. కొత్త కోడలిగా వచ్చిన ఏడు, ఇంకా బాప్టిస్టుగానే ఉన్న వెర్నా మట్టని ఎవరినీ అడక్కుండా పుస్తకంలో అతికించి, "ఈ పిల్ల మన బెంచీలో కూర్చుంది" అని కింద రాసింది ఈవిడే. ఆ మట్ట కూడా ఆ డబ్బాలోనే కాలింది, నిజమే. కానీ అతికించిన చెయ్యి కాలలేదు కదా.

"కాల్చానని చెప్పానుగా వదినా. అంతకు మించి నా దగ్గర మాటల్లేవు."

"అయితే తాళం చెవి అక్కడ పెట్టు. పుస్తకాలు ఈ సాయంత్రమే మా ఇంటికి వస్తాయి."

వెర్నా జేబులోంచి తాళం చెవి తీసింది. బల్ల మీద పెట్టింది. టోపీ పెట్టుకున్న బాతు ఏ పుస్తకంలో ఉందో ఆమెకి తెలుసు. కింది నుంచి రెండోది. దాని వంక చూడలేదు.

"ఒక చిన్న సంగతి," అన్నారు పాస్టరు గారు. ఆయనకి మౌనం పడదు, పాపం. "అవి కాలుతుంటే భలే వాసన వచ్చింది. మట్టలు కాలితే అలా వస్తుందని నాకు తెలియదు. సరిగ్గా మొక్కజొన్న పొత్తులు తొక్కతో సహా కాల్చినట్టు. నిజం చెప్పొద్దూ, నాకు ఆకలి కూడా వేసింది."

యుడోరా కిటికీ వదిలి ఇటు తిరిగింది.

"తాళం చెవి తీసుకో వెర్నా" అంది యుడోరా.

"అమ్మా!"

"మట్టలు పీకింది నేను. బుట్టలో పోసింది నేను. ఆ పిల్లకి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకుంది. ఈ ఇంట్లో నోరు మూసుకోవడం వచ్చినవాళ్ళు ఒకరున్నారని ఈ వయసులో తెలిసింది నాకు."

లుసిండా నోరు తెరిచింది. యుడోరా వేలు ఎత్తి ఆపింది.

"ఆ బిషప్పు గారి వెంట చర్చిల చరిత్ర రాసే ఆవిడ ఎవరో వస్తోందట, భూతద్దం పెట్టుకుని. అందులో నాలుగేళ్ళవి మట్టలు కావు. మొక్కజొన్న పొరలు. ఆ నాలుగేళ్ళవీ పీకేద్దామనుకున్నాను. నాలుగు పళ్ళు ఊడితే ఎలా ఊడాయని అందరూ అడుగుతారు. మొత్తం ఊడితే ముసలితనం అని ఊరుకుంటారు. అందుకని మొత్తం పీకేశాను."

"మొక్కజొన్న పొరలు ఎందుకమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"మెథడిస్టులు మట్టలు పంచరు కాబట్టి."

షెర్రీ గ్లాసు పట్టుకున్న లుసిండా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అప్పటి పాస్టరు బలిపీఠం మీద కొవ్వొత్తులు పెట్టాడు," అని యుడోరా తాపీగా మొదలుపెట్టింది. ఇన్నేళ్ళు మోసిన మూట దింపుతుంటే ఆవిడకి హాయిగా ఉన్నట్టుంది. "రెండే రెండు కొవ్వొత్తులు. మీ నాన్నకి అవి రెండు రోము నగరాల్లా కనపడ్డాయి. 'పోపు గారి దీపాల ముందు మోకరించను' అని టోపీ పెట్టుకుని లేచొచ్చేశాడు. మరి ఎక్కడికి పోతాం? ఊళ్ళో మెథడిస్టుల దగ్గరికి వెడితే పరువు పోతుంది. పడవేసుకుని నది అవతల మెథడిస్టు చర్చికి పోయేవాళ్ళం. ఊరికి మాత్రం, అక్కడ పొలం మీద మా పెద్దత్తకి ఒంట్లో బాలేదని చెప్పాం. నాలుగేళ్ళు బాలేదు పాపం ఆవిడకి. ఆ నాలుగేళ్ళూ ఆవిడ గుర్రమెక్కి పందుల్ని తరిమింది."

"ఆ చర్చి..." లుసిండా గొంతు సన్నగా వచ్చింది. "నది అవతలిది... అది మనదే అన్నావు. మోకాళ్ళ పీటలు లేవేమని నేను అడిగాను కూడా."

"అడిగావు. పేద చర్చి అన్నాను."

"మరి తిరిగి ఎందుకొచ్చారు?" అంది వెర్నా. ఆగలేకపోయింది.

"వాళ్ళు ప్రభు భోజన సంస్కారంలో ఇచ్చేది పులియని ద్రాక్షరసం కదే. మీ మావగారు దేశంలో సారా మీద నిషేధం ఉన్నన్నాళ్ళూ ఓర్చుకున్నారు. నిషేధం ఎత్తేశారు. 'దేశమంతా తాగుతుంటే నేనొక్కణ్ణే చర్చిలో పిల్లల రసం తాగాలా' అని పడవ ఇటు తిప్పారు. కొవ్వొత్తులు రెండూ అక్కడే ఉన్నాయి. ఆయన చచ్చేదాకా కళ్ళు మూసుకునే ప్రార్థన చేశారు. ఊరు దాన్ని భక్తి అనుకుంది."

పాస్టరు గారు రుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. మూతి తుడుచుకోవడానికి అంతసేపు పట్టదు.

లుసిండా మాత్రం నవ్వే స్థితిలో లేదు. వేళ్ళు ముడుస్తూ విప్పుతూ లెక్క వేస్తోంది. లెక్క ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది.

"అమ్మా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మనం నది అవతలే ఉన్నాం."

"ఉన్నాం."

"మరి బిషప్పు గారు..."

"వెర్నా, నల్ల అట్ట పుస్తకం తియ్యి."

వెర్నా తీసింది. ఆ పేజీ ఊళ్ళో అందరికీ తెలుసు. తెల్ల గౌనులో చిన్న లుసిండా, పక్కన నల్లకోటు పెద్దాయన, ఆయన చెయ్యి పిల్ల తల మీద. కింద అందమైన అక్షరాలతో: 'ప్రభువు చెయ్యి ఆమె మీద ఉండెను'. ఆ ఫొటో ఒక పక్క వంకరగా కత్తిరించి ఉంటుంది. పాతకాలం ఫొటో కదా, చిరిగిందేమో అని ఎవరూ అడగలేదు.

"మెథడిస్టులకీ బిషప్పులున్నారు" అంది యుడోరా. "చెయ్యి నిజం, బిషప్పు నిజం. అది మాత్రం కన్ఫర్మేషన్ కాదు. చర్చి బయట చెట్ల కింద భోజనాలు. ఆయనది భారీ శరీరం, మోకాళ్ళ నొప్పులు. బెంచీ మీంచి లేవడానికి దగ్గర్లో ఉన్న నీ తల పట్టుకున్నాడు. 'పాపా, ఇంకో కోడికాలు పట్రా' అన్నాడు. పరిగెత్తుకుని వెళ్ళి తెచ్చావు. మంచి పిల్లవి. కత్తిరించిన ముక్కలో ఆ కాలే ఉంది, ఆయన రెండో చేతిలో. అది బొత్తిగా బాగోలేదు చూడ్డానికి."

బరువుగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఊరి పిల్లలంతా కళ్ళు మూసుకుని ఎదురుచూసిన బరువు అది. వెర్నాకి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. లుసిండా మొహం చూసింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లేచి ఆడపడుచు గ్లాసు అంచుదాకా నింపి చేతిలో పెట్టింది. లుసిండా మంచినీళ్ళు తాగినట్టు తాగేసింది.

"నువ్వే కదమ్మా చెప్పావు నాతో!"

"పడవలో అడిగావు, బిషప్పు చెయ్యి పెట్టాడు కదా, ఇక నేను పెద్దదాన్నేనా అని. అవునన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకి నది మధ్యలో కొవ్వొత్తుల గొడవ ఏం చెప్తాను? తర్వాత ఇక్కడికొచ్చాక, పాస్టరుతో 'దీనికి అవతలే అయిపోయింది' అన్నాను. మనం తిరిగొచ్చిన సంతోషంలో పాస్టరు ఏమీ అడగలేదు. చర్చి పైకప్పు కారుతోంది మరి."

"అమ్మా, లుసిండా గారూ, ఇదేమంత పెద్ద సంగతి కాదు," అన్నారు పాస్టరు గారు. "ఈ రోజుల్లో బాప్తిస్మం ఉంటే చాలు, ప్రభు భోజనం ఎవరైనా..."

"మీరూరుకోండి!" లుసిండా అరిచింది. "కిందటేడు ఒక పిల్లని, పది ఆజ్ఞల వరస తప్పిందని, బిషప్పు గారి ముందుకి రానివ్వలేదు నేను. వాళ్ళమ్మ నాతో ఇప్పటికీ మాట్లాడదు. నేను! కోడికాలు తెచ్చినదాన్ని!"

గుమ్మం పక్క కుక్క లేచి, ఇంట్లో పరిస్థితి గమనించి, మళ్ళీ పడుకుంది.

యుడోరా చెయ్యి చాపి నల్ల పుస్తకం తన ఒళ్ళోకి లాక్కుంది. ఆ ఫొటో ఎదుటి పేజీ ఖాళీగా ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"ఈ పుస్తకాల్లో అబద్ధం అతికించినదాన్ని నేనే. పోయేలోగా దాని పక్కన నిజం అతికించి పోతాను. ఆదివారం బిషప్పు గారు వస్తున్నది పిల్లల తలల మీద చెయ్యి పెట్టడానికే కదా పాస్టరు గారూ?"

"అవునండీ. అయిదుగురు పిల్లలు. అందరూ లుసిండా గారి క్లాసే."

"ఆరో మనిషికి చోటుంటుందా?"

"ఉంటుంది. అంటే... ఉంటుంది."

"అయితే విను లుసిండా. ఆదివారం ఆ వరసలో నువ్వు మోకరించు. ఆ రోజు తీసే ఫొటో ఈ పేజీలో నా చేత్తో అతికిస్తాను. పుస్తకాలన్నీ నీవి. మోకరించనంటావా, పుస్తకాలన్నీ వెర్నావి. ఈ పేజీ ఇలాగే ఖాళీగా వెళ్తుంది, ఎవరడిగినా వెర్నా ఉన్నదున్నట్టు చెప్తుంది."

వెర్నా తాళం చెవిని గుప్పెట్లో బిగించింది. ఇంతసేపూ ఆడపడుచు మీద కలిగిన జాలి గభాలున చల్లారింది. లుసిండా మోకరిస్తే బాతు పోతుంది. ఇదెక్కడి న్యాయం, నోరు మూసుకున్నందుకా? 'వద్దు వదినా, పరువు పోతుంది' అని అరవాలనిపించింది. అలా అనాలనిపించినందుకు సిగ్గూ వేసింది.

"యాభై అయిదేళ్ళ దాన్ని!" లుసిండా లేచి నిలబడింది. మెడ దగ్గర ముత్యాల దండ పట్టుకుని తిప్పుతోంది. "నేను చదువు చెప్పిన పిల్లల పక్కన? మాబెల్ హడ్నల్ మూడో బెంచీలో కూర్చుని చూస్తుంటేనా? ఊరంతా ఏమనుకుంటుంది? పాస్టరు గారూ, మీరన్నా చెప్పండి. అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఇంకో దారే లేదా?"

"ఎందుకు లేదు, మెథడిస్టుల్లో కలిసిపో" అంది యుడోరా, బిస్కట్టు అందుకుంటూ. "దారి నాకు తెలుసు."

లుసిండా మోకరిస్తుందో, పడవెక్కుతుందో వచ్చే వారం చూద్దాం.